నిమ్మచెక్క మచ్చ: ఎర్రగుంట్ల నాపరాయితో బీరు కానుకలు చేసిన అనుభవం

మొదటి విడతలో బెంగళూరులోని ఒక పబ్‌కు గ్లాసు కింద పెట్టే రాతి బిళ్లలు 120 సెట్లు పంపాము. 31 తిరిగి వచ్చాయి. పెట్టె తెరిచి చూస్తే అద్దంలా మెరవాల్సిన నల్లరాతి బిళ్లల మీద తెల్లటి అర్ధచంద్రాకారపు మచ్చలు కనిపించాయి. బిళ్లకు ఒకటి, కొన్నింటికి రెండు. వాటితో పాటు పబ్ మేనేజరు రాసిన చీటీలో మూడే వాక్యాలున్నాయి: మచ్చలు పడుతున్నాయి. గ్లాసుతో పాటు పైకి లేస్తున్నాయి. ఒకటి అతిథి కాలి మీద పడింది.

ఆ మూడు వాక్యాలకు జవాబు వెతకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల సంగతే ఇది.

ఎర్రగుంట్ల దగ్గర మా నాన్నకు చిన్న బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. మా ప్రాంతంలో రెండే వ్యాపారాలు దుమ్ము రేపుతాయి: ఒకటి సిమెంటు, రెండు బండలు. రెండింటికీ మూలం ఒకటే, సున్నపురాయి. కడప బండ అన్నా, నాపరాయి అన్నా, వ్యాపారంలో కడప బ్లాక్ అన్నా దాదాపు అదే సరుకు. దక్షిణాదిలో ఎన్నో వంటగదుల గట్లకూ, అలమరల అరలకూ, అటకలకూ ఈ నల్లబండే వేస్తారు. కోతలో మిగిలే ముక్కలు మాత్రం ఎవరికీ పనికిరావు. ఫ్యాక్టరీ వెనుక కుప్పలుగా పడి ఉంటాయి. నేను డిజైన్ చదువు ముగించి ఇంటికి వచ్చినప్పుడు నాన్న నాకు అప్పగించిన ఆస్తి ఆ కుప్పే. "దీనితో ఏమైనా చెయ్యి పాపా, లాభం వస్తే నీది, నష్టం వస్తే కుప్ప నాది" అన్నాడు.

బీరు వైపు వెళ్లడానికి కారణం మా పెద్దమ్మ కొడుకు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో క్రాఫ్ట్ బీరు. పెద్ద కంపెనీ సీసాల్లో కాకుండా, పబ్‌లోనే ట్యాంకుల్లో కాచి, పులియబెట్టి, చిన్న మోతాదుల్లో చేసే బీరు అది. మన దేశంలో పుణెలో 2009లో డూలల్లీ, బెంగళూరులో ఆ తర్వాత ఏడాదికి టాయిట్ వంటి పబ్‌లు మొదలయ్యాక ఈ రుచి ఊరూరా అభిమానులను సంపాదించింది. ఈ అభిమానులకు ఒక లక్షణం ఉంది. వాళ్లకు బీరు ఎంత ఇష్టమో బీరు గురించిన వస్తువులూ అంతే ఇష్టం: టీషర్టులు, గ్లాసులు, ఓపెనర్లు, మూతలు దాచుకునే చెక్క పటాలు, బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వు బొమ్మ ఉన్న మేజోళ్లు. పుట్టినరోజుకూ పెళ్లికూ స్నేహితులు ఒకరికొకరు ఇచ్చుకునేది వీటినే. అన్నయ్య వెళ్లే పబ్ వాళ్లు కౌంటరు పక్కన కానుకల అర ఒకటి పెడుతున్నారని, రాతి వస్తువులు చూపించమని కబురు వచ్చింది.

నేను బీరు తాగను. అసలు లోపం అక్కడే ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

మొదట నా మనసులోకి వచ్చింది ఓపెనరు. రాతి పిడి, ఉక్కు కొన. నమూనా అందంగా వచ్చింది, రెండోసారి నేల మీద పడగానే పిడి రెండైంది. సరే, అది రాయి స్వభావం. దానికంటే ముందు నాకు తట్టవలసిన మాట మేనేజరు అన్నాడు: "మా బీరు ట్యాపు నుంచి గ్లాసులోకి వస్తుంది. సీసా ఎక్కడుంది, మూత ఎక్కడుంది?" సీసా మూతకూ ఓపెనరుకూ పేటెంట్లు తీసుకున్న విలియం పెయింటర్ అమెరికాలోని బాల్టిమోర్‌లో 1892లో చేసిన ఆలోచన గురించి రాత్రంతా చదివి వెళ్లాను. ఆ చదువు ఆ పబ్‌లో దేనికీ పనికి రాలేదు.

తర్వాత వాళ్లే రెండు కోరికలు కోరారు, రెండూ వద్దన్నాను. ఒకటి, ఐసు బదులు గ్లాసులో వేసుకునే రాళ్లు. నాపరాయిని బీరులో వేస్తే బీరులోని ఆమ్లం రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, పైగా గరుకు అంచుల మీద వాయువు బుడగలు కట్టి నురగ గ్లాసు దాటి పొర్లుతుంది. రెండోది, ట్యాపుకు రాతి పిడి. దీనికి ఆశపడి ఒక నమూనా చేశాను: 5 సెంటీమీటర్ల చదరం, 25 సెంటీమీటర్ల పొడవు. నాపరాయి సాంద్రత 2.7 దగ్గర ఉంటుంది కాబట్టి అది దాదాపు 1.7 కిలోలు తూగింది. బిగించగానే ఆ బరువుకు ట్యాపు తనంతట తానే ముందుకు వాలి తెరుచుకుంది. బీరు నేలపాలు. పబ్ కుర్రాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను, ఆ కోరిక అక్కడితో ముగిసింది.

మిగిలింది గ్లాసు కింద పెట్టే బిళ్ల. 10 సెంటీమీటర్ల చదరం, 10 మిల్లీమీటర్ల మందం, అద్దం పాలిష్, మీద లేజరుతో తెల్లగా చెక్కిన తెలుగు మాట. నల్లటి నాపరాయి మీద లేజరు పడిన చోట తెల్లబడుతుంది, రంగు అక్కర్లేదు. ఆరు బిళ్లల సెట్టు. ఫొటోల్లో ఎంత బాగున్నాయంటే, పబ్ వాళ్లు నమూనా చేతికి రాకముందే 120 సెట్లకు ఆర్డరు ఇచ్చారు.

పరీక్షించకుండా పంపలేదు. మే నెలలో మా షెడ్డులోనే చల్లటి నీళ్ల గ్లాసులు పెట్టి చూశాను. గ్లాసుకు చెమట పట్టింది, బిళ్ల మీద కాసిన్ని నీళ్లు చేరాయి, ఆరిపోయాయి. అంతా బాగుంది. బాగుండక ఏమవుతుంది? కడప జిల్లా మే నెల గాలి పొడి గాలి. గ్లాసు నుంచి కారే లోపే సగం తడి ఎండ పట్టుకుపోతుంది. అదే బిళ్ల బెంగళూరు జూలైలో, ముసురు పట్టిన సాయంత్రం, నాలుగైదు డిగ్రీల చల్లదనం ఉన్న గ్లాసు కింద కూర్చుంటే పరిస్థితి వేరు. వస్తువును వాడే చోట పరీక్షించాలని చదువుకున్నాను, పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

సెట్లు తిరిగి వచ్చిన వారమే రాత్రి బస్సెక్కాను. పబ్‌లో మూల బల్ల దగ్గర నిమ్మరసం నీళ్లు పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. ఎవరు ఏం తాగుతున్నారో చూడలేదు, గ్లాసు అడుగులనే చూశాను. కౌంటరులో అడిగి తీసుకుని కొలిచాను కూడా: పైంటు గ్లాసు అడుగు 60 మిల్లీమీటర్లు, పొడుగాటి గోధుమ బీరు గ్లాసుది 68, చెవి ఉన్న మగ్గుది 82.

బిళ్ల గ్లాసుతో పాటు ఎందుకు లేస్తోందో అక్కడే అర్థమైంది. గ్లాసు అడుగు పూర్తి చదునుగా ఉండదు, మధ్యలో కొంచెం లోపలికి వంగి చుట్టూ అంచు మాత్రమే ఆనుతుంది. అద్దంలాంటి రాతి మీద ఆ అంచు చుట్టూ నీటిపొర చేరితే లోపలి గాలి బందీ అవుతుంది. గ్లాసు ఎత్తితే బయటి గాలి లోపలికి వెళ్లే దారి లేదు, కాబట్టి రాయి కూడా వెంట వస్తుంది. ముఖం దాకా వచ్చాక పట్టు వదులుతుంది. 270 గ్రాముల రాయి పాదం మీద పడితే ఎలా ఉంటుందో ఆ అతిథిని అడగాలి. అట్ట బిళ్లకు ఈ బాధ లేదు. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో రాబర్ట్ స్పూత్ చెక్క గుజ్జుతో బిళ్లలు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నదీ 1892లోనే. అది నీటిని పీల్చుకుంటుంది, తేలికగా ఉంటుంది, నానితే పారేస్తారు. నేను అందమైన రాయిని తీసుకువెళ్లి, 130 ఏళ్ల కిందట పరిష్కారమైన సమస్యను మళ్లీ పుట్టించాను.

ఊరికి వచ్చి మేస్త్రీకి చెప్పాను. గుండ్రటి గాళ్లు కోద్దాం మామా, గ్లాసు అడుగులాగే వలయాలు వలయాలుగా, చూడటానికి కూడా బాగుంటుంది అన్నాను. ఆయన కోసి ఇచ్చాడు. నీళ్లు చల్లి గ్లాసు పెట్టి ఎత్తితే బిళ్ల మళ్లీ లేచింది. వలయం మూసి ఉన్న గీత, గాలికి అది కూడా గోడే. మేస్త్రీ ఒక్క మాట అన్నాడు: "తలుపు పెట్టకుండా గది కట్టినావు పాపా." తిన్నటి గాళ్లు కోశాము, పైన మూడు, కింద మూడు, మధ్యలో అక్షరాలకు చోటు. ఒక్కొక్కటి 88 మిల్లీమీటర్ల పొడవు, 2 వెడల్పు, ఒకటిన్నర లోతు. ఏ గ్లాసు పెట్టినా గాడి చివర అడుగు దాటి బయట ఉంటుంది కాబట్టి గాలి దూరుతుంది. బిళ్ల అంచు దాకా మాత్రం కోయలేదు, కోస్తే నీళ్లు బల్ల మీదకు కారతాయి. ఆరు గాళ్లలో కలిపి పట్టేది ఒకటిన్నర మిల్లీలీటరే. రాయి అట్టలా తాగలేదు. ఈ పరిమితిని నేను దాచలేదు, పెట్టెలోని చీటీలో రాశాను.

మచ్చల సంగతి ఇంత తేలికగా తేలలేదు.

నా మొదటి అనుమానం బీరు మీదే. ఆమ్లత్వాన్ని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువ. బీరు పీహెచ్ సాధారణంగా 4, 4.5 మధ్య ఉంటుంది, పుల్లటి రకాల్లో 3.5 కంటే తక్కువకూ దిగుతుంది. నాపరాయి కాల్షియం కార్బొనేటు, ఆమ్లం తగిలితే కరుగుతుంది. లెక్క సరిపోయినట్టే ఉంది. అందుకే సీలరు పూస్తే సరిపోతుందనుకున్నాను. అమ్మిన అతను కూడా అదే చెప్పాడు. రెండు పూతలు పూసిన బిళ్ల మీద నిమ్మరసం చుక్క వేసి, నిమిషం తర్వాత తుడిస్తే మచ్చ అక్కడే ఉంది. సీలరు రాయి రంధ్రాల్లోకి దిగి నూనె, కూర మరకలు లోపలికి ఇంకకుండా ఆపుతుంది. రాయి పైపొరను ఆమ్లం తినడాన్ని అది ఆపదు. మరకా, తినడమూ వేరు వేరని ఆ డబ్బా మీద ఎక్కడా రాయలేదు. పైన ఎపాక్సీ పొర వేస్తే ఆగుతుంది, కానీ అప్పుడు చేతికి తగిలేది రాయి కాదు, ప్లాస్టిక్.

తిరిగి వచ్చిన బిళ్లలు వంటింట్లో బల్ల మీద పరిచి చూస్తూ కూర్చున్న రోజు అమ్మ వచ్చి ఒకటి తీసి కిటికీ వెలుగుకు వాల్చి చూసింది. "బీరు కారితే గుండ్రంగా ఉండాలి కదా, ఇది చెక్క ఆకారం. ఇది నిమ్మకాయ పని" అంది. మా వంటగట్టు కూడా నాపబండే. పచ్చడికి నిమ్మకాయలు కోసిన చోటల్లా తెల్లమచ్చలు ఉంటాయి. పాతికేళ్లుగా ఆ గట్టు దగ్గరే అన్నం తిన్నాను, నాకు తట్టలేదు.

పబ్‌కు ఫోను చేసి అడిగాను. అవును, గోధుమ బీరు గ్లాసు అంచుకు నిమ్మచెక్కో నారింజ చెక్కో గుచ్చి ఇస్తారు. తాగేవాళ్లు దాన్ని తీసి ఎక్కడ పెడతారు? ఎదురుగా ఉన్న బిళ్ల మీద. నేను మూడు గంటలు కూర్చుని గ్లాసు అడుగులు చూశాను కానీ గ్లాసు అంచులు చూడలేదు. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 దాకా ఉంటుంది. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి బీరుకూ దీనికీ పోలికే లేదు. నిర్ధారణ కోసం మేస్త్రీతో ఊళ్లో దొరికిన సీసా బీరు తెప్పించి పాలిష్ రాతి మీద రాత్రంతా ఉంచాను. తెల్లారి చూస్తే, వాల్చి చూస్తేనే కనిపించే పలుచని వలయం. పక్కనే ఉంచిన నిమ్మచెక్క కింద మాత్రం మెరుపు పూర్తిగా పోయి పాలరంగు తేలింది. బీరు ఎవరి కోసం తెప్పించామని వీధిలో రెండు రోజులు చర్చ నడిచింది. అది వేరే కథ.

ఆమ్లాన్ని ఆపలేనప్పుడు మచ్చ కనిపించకుండా చేయాలి. మచ్చ కనిపించడానికి కారణం రాయి రంగు మారడం కంటే మెరుపు పోవడం. మెరుపే లేని చోట పోవడానికి ఏముంది? అద్దం పాలిష్ మానేసి, గరుకు బ్రష్‌లతో రుద్దే లెదర్ ఫినిష్‌కు మారాము. బండ మీద సన్నటి ఎగుడుదిగుళ్లు మిగులుతాయి, నలుపు కాస్త బూడిదరంగులోకి దిగుతుంది. నిమ్మచెక్క పెడితే ఇప్పుడూ రాయి తినబడుతుంది, కానీ కంటికి ఆనదు. నాన్నకు ఇది నచ్చలేదు. ముప్పై ఏళ్లు మెరుపు అమ్మిన మనిషికి మెరుపు తీసేసి ఎక్కువ ధర అడగడం అన్యాయంగా తోచింది. ఆయన బాధ నాకు ఇప్పటికీ న్యాయంగానే అనిపిస్తుంది.

ఫినిష్ మారేసరికి లేజరు అక్షరాలు కూడా పోయాయి. బూడిదరంగు మీద తెల్లగీత తేలదు. రబ్బరు స్టెన్సిల్ అతికించి ఇసుక చిమ్మే శాండ్‌బ్లాస్టింగ్‌కు మారాము, మిల్లీమీటరు లోతు. ఇక్కడ తెలుగు లిపి మమ్మల్ని ఏడిపించింది. సున్నాల మధ్య, గుడి లోపల మిగిలే చిన్న రబ్బరు చుక్కలు ఇసుక దెబ్బకు ఎగిరిపోయి అక్షరం గుంటగా మారేది. ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడేవి. చివరకు గీత వెడల్పు ఎక్కడా 2 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాలు నేనే గీసుకున్నాను.

మాటల ఎంపిక మాత్రం సరదాగా సాగింది. గ్లాసు బిళ్ల మధ్యలో ఉంటే మాట కనిపించదు, గుక్క కోసం గ్లాసు ఎత్తినప్పుడే కనిపిస్తుంది. హాస్యం ఆ క్షణానికి తగినట్టు ఉండాలి. "ఇంకొక్కటే" అందుకే పండింది: ప్రతి గుక్కకూ అబద్ధం చెబుతుంది. "చల్లగా ఉండు" నాకు ఇష్టమైనది. అవ్వలు తల మీద చెయ్యి పెట్టి అనే దీవెన, బీరుకు తప్పనిసరి లక్షణం. "బిల్లు ఎవరిది?" అన్నయ్య ఇచ్చాడు. నాలుగోది "బండి నేను నడుపుతా". ఆ రోజు తాగని మనిషి ముందు పెట్టే బిళ్ల అది, దాని మీద మజ్జిగో నీళ్లో ఉంటాయి. దానిని చేర్చాలని నేనే పట్టుబట్టాను, ఎందుకంటే ప్రతి గుంపులోనూ నాలాంటి మనిషి ఒకరు కూర్చుని ఉంటారు. నాలుగు మాటలూ వేరు కావడంతో నేను ఊహించని ఉపయోగం కూడా దొరికింది: బల్ల మీద ఎవరి గ్లాసు ఏదో గుర్తుంటుంది.

"చలివేంద్రం" అని కూడా ఒకటి గీశాను. నాన్న చూసి, "ఎండలో పోయేవాళ్లకు నీళ్లు పోసే పుణ్యం పేరు అది, దానిని బీరు కింద పెట్టకు" అన్నాడు. తీసేశాను. పేరున్న బీరు కంపెనీల గుర్తులు చెక్కి ఇమ్మని కూడా అన్నయ్య స్నేహితులు అడుగుతూ ఉంటారు. నాది కాని ట్రేడ్‌మార్కును చెక్కి అమ్మలేనని చెబుతాను, కొందరు అలుగుతారు.

బరువు లెక్క ఇలా మారింది. పాత ఆరు బిళ్లలు 1,620 గ్రాములు. పెట్టెతో కలిపి కొరియరులో 2 కిలోల ధర పడేది. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, 6 మిల్లీమీటర్లకు దించితే అంచుల్లో పొర లేచింది. 8 దగ్గర ఆగాము. కొలత 94 మిల్లీమీటర్లకు తగ్గించాక బిళ్ల సుమారు 190 గ్రాములకు వచ్చింది. నాలుగింటికి కార్క్ అడుగులూ, పెట్టె బరువూ కలిపినా కిలో లోపే. సెట్టును ఆరు నుంచి నాలుగుకు తగ్గించడానికి అసలు కారణం ఇదే. బయట మాత్రం నలుగురు స్నేహితుల సెట్టు అని చెబుతాము.

కార్క్ అతికించే పని చిన్నదే, కానీ రాతిపొడి తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టకపోతే వారంలో ఊడుతుంది. పెట్టెలో నేను బిళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చాను. మేస్త్రీ చూసి తల పట్టుకున్నాడు. "లారీలో బండలు ఎట్లా పోతాయో చూడలేదా? బండను పడుకోబెట్టి పంపుతారా ఎవరైనా?" నిలువుగా, మధ్యలో అట్ట పెట్టి పేర్చడం మొదలుపెట్టాక దారిలో విరిగినవి దాదాపు లేవు.

రెండో విడత 150 సెట్లు ఈసారి బెంగళూరు వానల్లోనే, అదే పబ్ బల్లల మీద రెండు వారాలు వాడి చూశాకే పంపాము. తిరిగి వచ్చినవి 4. మూడు కార్క్ ఊడినవి, ఒకటి యాసిడ్‌తో కడిగింది. ఆ నాలుగోది నా తప్పే. చీటీలో నిమ్మ, వెనిగర్ వద్దని రాశాను, కడిగే మందు సంగతి రాయలేదు. గాళ్లలో బీరు ఎండి జిగటగా పట్టేసే ఇబ్బంది ఇంకా ఉంది. పళ్లు తోముకునే పాత బ్రష్‌తో రుద్దమని చెప్పడం తప్ప వేరే ఉపాయం నాకు తోచలేదు.

మొదటి విడత తిరిగి వచ్చిన బిళ్లల్లో సగం అమ్మ తీసుకుంది. ఊరగాయ జాడీల కింద పెట్టింది. ఎలాగూ మచ్చలు పడ్డాయి కదా అంటుంది.

ఇప్పుడు పబ్ వాళ్లు కన్నడ సెట్టు అడుగుతున్నారు. లిపి మనదానికి దగ్గరే కాబట్టి 2 మిల్లీమీటర్ల నియమం అలాగే నడుస్తుంది. "చల్లగా ఉండు"కు సాటి మాట అడిగితే అక్కడి వంటమాస్టరు వెంటనే చెప్పాడు: "హొట్టె తణ్ణగిరలి", నీ కడుపు చల్లగా ఉండాలని పెద్దలు దీవించే మాట. బీరు బిళ్ల కోసమే పుట్టినట్టుంది. కానీ రెండు పదాల్లోనూ ఒత్తులున్నాయి, 94 మిల్లీమీటర్లలో ఒకే వరుసలో పట్టడం లేదు. నిన్న మూడోసారి స్టెన్సిల్ కోశాము. "ణ్ణ" కింద రబ్బరు మళ్లీ ఎగిరిపోయింది.